ఏనుగుకీ చేపకీ ఒకే మార్కులు

మా బావ ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రైవింగ్ పరీక్షలు పెట్టాడు. అంటే ముప్పై ఒక్క సంవత్సరాలు ఎవరో నడుపుతున్న కారులో, వాళ్ల పక్క సీట్లో, ఒళ్లో అట్ట, అట్ట మీద ఫారం, చేతిలో ఎర్ర పెన్ను పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి అరవడు, విసుక్కోడు. "అలా పక్క సందులోకి తిప్పండి" అంటాడు. తిప్పుతుంటే ఏదో రాస్తాడు. ఆ పెన్ను గీసే చప్పుడుకే సగంమందికి కాళ్లు వణికేవి. వణికితే దానికీ ఫారంలో ఒక గడి ఉంది.

ఊళ్లో ఆయన్ని ఎర్రపెన్ను అనేవారు, ముందు కాదు, వెనక. నాకు ఆ పెన్ను మీద కోపం లేదు, నా పొట్ట గడిచిందే దాని వల్ల. రవాణా ఆఫీసుకి ఎదురుగా నాది ఫోటో స్టూడియో. ఫెయిలైనవాడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రతి దరఖాస్తుకీ మళ్లీ మూడు ఫోటోలు కావాలి. ఒకాయన్ని నాలుగేళ్లలో ఏడుసార్లు కూర్చోబెట్టి తీశాను. మొదటి ఫోటోలో నల్లటి జుట్టు, ఏడో ఫోటోకి సగం నెరిసింది. బావ కాస్త దయగల మనిషైతే నేను ఎప్పుడో కెమెరా అమ్ముకునేవాణ్ణి. అలాగని బంధుత్వం చూశాడనుకోకండి. నన్నూ రెండుసార్లు ఫెయిలు చేశాడు. మొదటిసారి అద్దంలోకి తక్కువ చూశానని, రెండోసారి ఎక్కువ చూశానని. మూడోసారికి ఆయనకి జ్వరం వచ్చి సెలవు పెట్టాడు, నేను పాసయ్యాను.

మా అక్క ఆ పరీక్ష జోలికే పోలేదు. ఎందుకే అంటే, "ఇంట్లో రోజూ రాస్తూనే ఉన్నాగా" అంటుంది.

ఇంతకీ ఈ నిప్పులాంటి మనిషికి లోకంలో రెండే బలహీనతలు. రెండూ కార్లే. రెండూ నా వయసువి, రెండూ నాకంటే ఎక్కువ మందులు మింగుతాయి.

మొదటిదాన్ని నేను ఏనుగు అంటాను. అక్క పెళ్లైన ఏడాది ఒక ముసలి డాక్టరు దగ్గర కొన్నాడు. నాలుగు తలుపులు, లోపల సోఫాలాంటి ఒకే పొడుగాటి ముందుసీటు. అందులో ముగ్గురు కూర్చుంటే మలుపు వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఒక మూలకి జారి పోగవుతారు. గేరు కర్ర స్టీరింగు కిందే ఉంటుంది, అది ఏ గేరులో ఉందో దానికీ దేవుడికీ తెలియాలి. యాక్సిలరేటరు తొక్కితే ముందు ఆలోచిస్తుంది, తర్వాత మూలుగుతుంది, ఆపైన కదులుతుంది. కదిలాక మాత్రం గుంతలు లోపలున్నవాళ్ల దాకా రావు. డిక్కీలో ఒక చిన్న సంసారం పెట్టుకోవచ్చు.

రెండోది చేప. మోకాలెత్తు ఉంటుంది, రెండే తలుపులు. ఎవరో పన్ను కట్టక వదిలేస్తే ఆఫీసువాళ్లు వేలం వేశారు, ఆ వేలంలో చెయ్యెత్తిన ఏకైక మనిషి మా బావ. దానికి రెండు కార్బ్యురేటర్లు, ఆ రెండిటికీ ఒకదానితో ఒకటి పడదు. ఎక్కడమంటే అందులోకి పడటం, దిగడమంటే ఎవరైనా చెయ్యిచ్చి లాగడం. వెనక ఒక సీటు ఉందని కాగితాల్లో రాసి ఉంది గానీ కాళ్లున్నవాళ్లు అందులో కూర్చోలేరు. డిక్కీలో ఒక గొడుగు పడుతుంది, అదీ ఐమూలగా పెడితే. కానీ నిజం చెప్పొద్దూ, రోడ్డు బాగుండి, ఆ రెండు కార్బ్యురేటర్లూ ఆ పూటకి రాజీపడితే, అది దూసుకెళ్తుంటే నాకూ ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడతాయి.

ఈ రెండూ ఉండేది ఇంటి వెనక షెడ్డులో. ఇంటి పైకప్పు రెండుచోట్ల కారుతుంది, షెడ్డు కప్పు కారదు. నేల నునుపుగా సిమెంటు చేయించాడు, గోడలకి ఏటా సున్నం వేయిస్తాడు. కార్లు రెండూ పక్కపక్కన పెడితే మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మిగులుతుంది. ఆ సందులో మా బావ రోజూ పొద్దున్న బనీనుతో అటూ ఇటూ నడుస్తుంటాడు. ఏదో ఒకటి తుడుస్తాడు. మెకానిక్కు నెలకి రెండుసార్లు వచ్చి, రెండు బానెట్లూ ఎత్తి, రెండిటినీ చూసి నిట్టూర్చి, "బంగారంలాంటి బళ్లు సార్, దేన్నీ వదులుకోకండి" అని చెప్పిపోతాడు. ఆయన ఇంటికి కింద అంతస్తు కట్టించింది ఏనుగు, పై అంతస్తు కట్టించింది చేప. వదులుకోమని ఎందుకంటాడు?

ఇక అక్క సంగతి. అక్క కుట్టుపని చేస్తుంది. చేస్తుందంటే కాలక్షేపానికి కాదు. ముందుగదిలో రెండు మిషన్లు, భోజనాల బల్లే కత్తిరింపుల బల్ల. అందుకే ఆ ఇంట్లో కంచాలు ఒళ్లో పెట్టుకుని తినాలి, తినేముందు కంచంలో గుండుసూది ఉందేమో చూసుకోవాలి. పాతికేళ్లుగా పక్కింటివాళ్ల జాకెట్లు, బడిపిల్లల గౌన్లు కుట్టుకుంటూ వచ్చిన మనిషికి ఈ ఏడాది పెద్దాసుపత్రి నుంచి పిలుపొచ్చింది. డాక్టర్ల తెల్లకోట్లు, రోగుల గౌన్లు, మంచాల దుప్పట్లు, మూడేళ్ల పాటు. ఒక్కటే షరతు. ఆరు మిషన్లు ఒకేచోట, ఒకే కప్పు కింద ఉండాలి, చోటు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఆసుపత్రి స్టోర్సు చూసే ఆవిడ స్వయంగా వచ్చి చూస్తుంది. మూడు నెలల గడువు ఇచ్చారు. ఆ రోజుకి చోటు లేకపోతే పని ఇంకొకరికి పోతుంది. వీధిలో నలుగురు ఆడవాళ్లు తమ మిషన్లు తెచ్చుకుని అక్కతో కలిసి కుట్టడానికి అప్పుడే ఒప్పుకున్నారు.

అక్క టేపు మెడలో వేసుకుని షెడ్డులోకి వెళ్లింది. సందులో పక్కకి తిరిగి నడిచి కొలిచింది. ఒక కారు తీస్తే ఆ సగంలో ఆరు మిషన్లు ఇరుకుగా పడతాయి, బల్ల గోడకి మడతబల్ల చేసుకోవచ్చు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను.

"ఏవండీ, నాకు షెడ్డులో సగం కావాలి" అంది అక్క.

బావ కంచంలోంచి తలెత్తలేదు. "సగమంటే ఏ సగం?"

"ఏ సగమైనా సరే. ఒక కారు ఎవరికైనా ఇచ్చేయండి. ఏది ఇస్తారో మీ ఇష్టం."

ఇక్కడ వేరే మొగుడైతే కుదరదనేవాడు, ఇద్దరూ పోట్లాడుకునేవారు, వారంలో తేలిపోయేది. మా బావ కాదనలేదు. అక్క మాట న్యాయంగా ఉందని ఆయనకి తెలుసు. న్యాయమంటే పడిచస్తాడు. "సరే" అన్నాడు. "అయితే ఏది పోవాలన్నది మన ఇష్టాయిష్టాల మీద ఉండకూడదు. పరీక్ష పెడతాను. తక్కువ మార్కులు వచ్చింది పోతుంది."

అక్క నావైపు చూసింది. నేను గుండుసూది కోసం కంచంలో వెతికాను.

మర్నాడే ఫారం తయారైంది. మొత్తం పది అంశాలు, అంశానికి పది మార్కులు. అయిదు పరుగుకి సంబంధించినవి: స్టార్టవడం, వేగం అందుకోవడం, గరిష్ఠ వేగం, ఘాటీ ఎక్కడం, బ్రేకులు. అయిదు వాడుకకి సంబంధించినవి: ఎంతమంది పడతారు, ఎంత సామాను పడుతుంది, మైలేజీ, విడిభాగాలు దొరకడం, ఇరుకు సందులో తిరగడం. రిటైరయ్యాక మొదటిసారి ఆయన కళ్లలో కాంతి చూశాను. నాకు స్టాప్‌వాచీ ఇచ్చి సాక్షిగా పెట్టుకున్నాడు. స్టూడియోకి ఆయన వల్ల వచ్చే గిరాకీ ఎలాగూ పోయింది, నేనూ ఖాళీయే.

మొదటిరోజు వేగం అందుకోవడం. ఊరి బయట కొత్త రోడ్డు మీద చేప గంటకి వంద కిలోమీటర్లు అందుకోవడానికి పద్నాలుగు సెకన్లు తీసుకుంది. రెండోరోజు ఏనుగుకి నలభై ఒకటి పట్టింది, ఆ మధ్యలో నేను ఒకసారి తుమ్మి, ముక్కు తుడుచుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇక అనుకోవడానికేముంది? చేపకి తొమ్మిది, ఏనుగుకి రెండు అనుకున్నాను. బావ రాసిన మార్కులు చేపకి ఏడున్నర, ఏనుగుకి ఏడు.

"ఏడెలా వచ్చాయి బావా?"

"నిదానం కూడా గుణమే. బండి ఎంత తొందరగా వేగం అందుకుంటే నడిపేవాడు అంత తొందరగా తప్పు చేస్తాడు. నేను ముప్పై ఏళ్లు చూశాను" అన్నాడు.

సరే, నిజమేనేమో అనుకున్నాను. తర్వాత సామాను పరీక్ష. ఏనుగు డిక్కీలో నాలుగు ఇసుక బస్తాలు, ఒక కుర్చీ, అక్క పాత మిషను పెట్టాక కూడా మూత పడింది. చేప డిక్కీలో ఒక ఇసుక బస్తా పెట్టబోతే నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఏనుగుకి ఏడున్నర. చేపకి ఏడు.

"ఇదెలాగ?"

"సామాను ఎక్కువ పడితే మనిషి అనవసరమైనవన్నీ మోస్తాడు. ఇది యజమానిని అదుపులో పెడుతుంది."

అలాగే సాగింది. ఏనుగు తాగుడు చూస్తే పెట్రోలు బంకువాడు లేచి నిలబడి దణ్ణం పెడతాడు, కానీ దానికి మైలేజీలో మరీ తక్కువ రాలేదు, ఎందుకంటే అది 'ఒక్కో మనిషికీ లెక్కేస్తే' పర్వాలేదట. చేప విడిభాగాలు ఈ భూమ్మీద దొరకవు, మెకానిక్కు వాటిని చేత్తో అరగదీసి తయారుచేస్తాడు. దానికీ ఆరున్నర పడ్డాయి, ఎందుకంటే 'చేత్తో చేసిందాని మన్నిక వేరు'. ఇరుకు సందులో ఏనుగు తిరగబోయి ఎవరిదో ప్రహరీగోడకి ముద్దుపెట్టి వచ్చింది. గోడ పాతదన్నాడు బావ. కొంగు కంచెకి తగిలితే కంచెదే తప్పన్నట్టు.

నెలన్నరకి పది అంశాలూ అయ్యాయి. కూడితే రెండిటికీ డెబ్బై ఒకటిన్నర. బావ చాలా విచారంగా, "సమానం వచ్చింది" అన్నాడు. నేను ఫోటోల మనిషిని. ముఖాలు చూడటమే నా పని. అది విచారం కాదు.

"నియమం ప్రకారం మళ్లీ పరీక్ష" అన్నాడు. మళ్లీ ఇంకో నెల. మళ్లీ డెబ్బై ఒకటిన్నర, డెబ్బై ఒకటిన్నర. వందల మందిని కళ్లార్పకుండా ఫెయిలు చేసినవాడు, వాకిట్లో ఏడ్చినవాళ్లకి కూడా ఒక్క మార్కు కలపనివాడు, ఈ రెండు ఇనప డొక్కుల కోసం గాల్లోంచి మార్కులు పీకి అతికిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. నా మొదటి లైసెన్సు పరీక్ష ఫారం ఇంకా నా డ్రాయరులో ఉంది. అందులో నాకు నిదానానికి మార్కులేమీ పడలేదు.

వెళ్లి అక్కతో చెప్పేశాను. "నీ చెవిలో పువ్వు పెడుతున్నాడే. ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా సమానమే వస్తుంది. గడువుకి ఇంక తొమ్మిది రోజులే."

అక్క దారం కొరికి, సూదికి ఎక్కించి, "నాకు మొదటి వారంలోనే తెలుసు" అంది. "ఆయన అబద్ధం ఆడలేరురా. మార్కులు వేసేటప్పుడు చెవులు ఎర్రబడతాయి."

"మరి ఊరుకున్నావేం?"

"అరిస్తే ఏమవుతుంది? ఫారంలో దానికీ ఒక గడి పెడతారు."

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క మామూలుగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది. "ఏవండీ, మీరు ఒకరోజు చేపని, మర్నాడు ఏనుగుని తీసుకెళ్తున్నారు. మొన్న గాలి ఎదురుగా ఉంది, నిన్న వెనకనుంచి. ఒకరోజు ఎండ, ఒకరోజు మబ్బు. ఇద్దరు మనుషులకి ఇలా రెండురకాలుగా పరీక్ష పెడితే మీ ఆఫీసులో ఒప్పుకునేవారా?"

బావ ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. ఆయన్ని లంచగొండి అన్నా ఇంత బాధపడేవాడు కాదు. ముద్ద కంచంలో పెట్టి, "రెండిటికీ ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే రోడ్డు మీద పెట్టాలి" అన్నాడు. "పెట్టాల్సింది."

"మరి ఆఖరి పరీక్ష అలా పెట్టండి. గడువు రోజు పొద్దున్నే పెట్టండి. మధ్యాహ్నానికి ఫలితం చెప్తే నాకు చాలు."

"మాట ఇస్తున్నాను" అన్నాడు బావ. "పన్నెండుకల్లా ఫలితం నీ చేతిలో ఉంటుంది."

చిక్కల్లా రెండో డ్రైవరు దగ్గర వచ్చింది. రెండు బళ్లు ఒకేసారి బయటికి వెళ్లాలంటే ఇద్దరు నడపాలి. ఇన్నేళ్లలో ఆ కార్ల స్టీరింగు బావ తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు. ఊళ్లో డ్రైవర్లందరినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. ఒకడు మలుపులో ఇండికేటరు వెయ్యడు, ఒకడు క్లచ్చి మీద కాలు తియ్యడు, ఒకడికి ఆయనే మూడుసార్లు ఫెయిలు రాశాడు. చివరికి గత్యంతరం లేక నావైపు చూశాడు. నాకు మళ్లీ పరీక్ష పెట్టాడు. యాభై దాటినవాణ్ణి, వెనక్కి నడపమన్నాడు, గట్టు మీద ఆపి మళ్లీ కదిలించమన్నాడు, చేతి సంజ్ఞలు చెప్పమన్నాడు. అద్దంలోకి ఎన్నిసార్లు చూడాలో అర్థంకాక మధ్యరకంగా చూశాను. "షరతుల మీద పాస్" అని రాసి సంతకం పెట్టాడు. సిగ్గులేకుండా చెప్తున్నాను, సంతోషమేసింది.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి రెండు కార్లూ బయటికి తీశాం. మామూలుగా ఒక కారు తీసుకెళ్లేటప్పుడు బావ షెడ్డుకి రెండు తాళాలు వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాడు. ఆ రోజు తలుపులు బార్లా తీసి వదిలేశాడు. ఖాళీ షెడ్డుకి ఎవరైనా తాళం వేస్తారా? అక్క గుమ్మంలో నిలబడి, "నెమ్మదిగా వెళ్లిరండి, తొందరేం లేదు" అంది.

ఏనుగులో నేను, నా వెనక నాలుగు ఇసుక బస్తాలు. చేపలో బావ, ఆయన పక్క సీట్లో బెల్టు పెట్టుకుని బుద్ధిగా ఒక ఇసుక బస్తా. ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో ఘాటీ, దాని మీద నీళ్ల ట్యాంకు, అక్కడిదాకా వెళ్లి రావాలి. ఊరు దాటగానే చేప చెట్ల మధ్య మాయమైంది. అమ్మయ్య, ఇవాళ్టితో తేలిపోతుందనుకున్నాను. రెండు మలుపులు తిరిగేసరికి రోడ్డు పక్కన చేప ఆగి ఉంది. బావ దిగి దాని అద్దం తుడుస్తున్నాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. నువ్వు పద."

నేను వెళ్లాను. నిమిషంలో నన్ను దాటి వెళ్లి, ఇంకో రెండు కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఆగి ఉన్నాడు. ఈసారి టైరు చూస్తున్నాడు. మూడోసారి ఏమీ చూడటం లేదు, ఉత్తినే నిలబడ్డాడు. ఘాటీ మొదట్లో ఏనుగు ఆయాసపడుతూ రెండో గేరులోకి వచ్చింది, దాని వెనక చేప కూడా రెండో గేరులోనే వచ్చింది. వెనకాల లారీలవాళ్లు హారన్లు కొట్టారు. అది పరీక్షలా లేదు, ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నట్టుంది. అంత నెమ్మదిగా నడిస్తే చేపకి గిట్టదు. పైకి ఇంకో కిలోమీటరు ఉందనగా దాని ముక్కులోంచి ఆవిరి లేచింది. దాన్ని చూసి ఏనుగుని ఆపుదామని బ్రేకు తొక్కితే నా కాలు నేలదాకా వెళ్లింది, బండి మాత్రం తన ఇష్టమొచ్చినచోట, కంకర గుట్టకి ఆనుకుని ఆగింది.

రెండు బానెట్లూ ఎత్తి గట్టు మీద కూర్చున్నాం. తొమ్మిదిన్నరైంది. రేడియేటరు చల్లారేదాకా చేసేదేమీ లేదు.

"కావాలని ఆగావు కదూ?" అన్నాను.

బావ చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఒకదానికి అర మార్కు తక్కువేస్తే ఏం పోతుంది బావా? అక్క పాతికేళ్ల నుంచి భోజనాల బల్ల మీదే గుడ్డ కత్తిరిస్తోంది. ఇవాళ ఆ ఆవిడ వచ్చి చోటు లేదని వెళ్లిపోతే మళ్లీ రాదు."

"తెలుసురా." అట్ట ఒళ్లో పెట్టుకుని పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "ప్రతిరోజూ పొద్దున్న ఇవాళ ఒకదాన్ని ఫెయిలు చేసెయ్యాలనే లేస్తాను. చేప పనికిరాదని నాకు తెలీదా? దాంట్లో మీ అక్కని ఎక్కించి అయిదేళ్లయింది, దిగలేక నడుం పట్టేసింది. ఏనుగుకి బ్రేకుల్లేవని తెలీదా? పెన్ను పట్టుకుంటాను. చెయ్యి రాదు."

"మనుషులకైతే చెయ్యి వచ్చిందన్నమాట."

అది నేను ఎప్పటినుంచో అనాలనుకున్న మాట. అన్నాక గొప్పగా ఏమీ అనిపించలేదు. ఆయన ఫారం నింపడం మొదలుపెట్టాడు. ఘాటీ ఎక్కడం: రెండూ ఎక్కలేదు, చెరి అయిదు. బ్రేకులు: ఒకటి ఆగలేదు, ఒకటి ఆగిపోయింది, చెరి ఏడు. కింద కూడిక వేశాడు. డెబ్బై ఒకటిన్నర, డెబ్బై ఒకటిన్నర. సంతకం పెట్టి, సాక్షి గడి దగ్గర వేలు పెట్టి ఫారం నాకిచ్చాడు. చచ్చినా పెట్టకూడదనుకున్నాను. కానీ ఎండ నెత్తిన పడింది, ఆకలిగా ఉంది, ఆయన మొహం చూస్తే ఇంకేమీ అనబుద్ధి కాలేదు. పెట్టేశాను. అక్కకి నేనేం మొహం చూపించాలా అని దారంతా కుమిలిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు చేపని ఏనుగు తాడు కట్టి లాక్కొచ్చింది. బ్రేకుల్లేని బండి ముందు, ఇంజను చచ్చిన బండి వెనక. ఏనుగు ఆగాలంటే వెనకనుంచి బావ చేప బ్రేకు తొక్కాలి. నేను కిటికీలోంచి చెయ్యూపితే ఆయన తొక్కేవాడు. రెండూ కలిస్తే ఒక కారయ్యాయి. ఊళ్లోకి వచ్చేసరికి పన్నెండుకి పది నిమిషాలుంది. "మాట తప్పలేదు, టైముకి వచ్చేశాం" అని వెనకనుంచి అరిచాడు బావ. టైముకి రావడమే పెద్ద పని అన్నట్టు.

సందు మలుపులోనే చప్పుడు వినిపించింది. ముందు ఏనుగు ఇంజనులో కొత్త జబ్బేమో అనుకున్నాను. ఇంజను ఆపాను. చప్పుడు ఆగలేదు.

షెడ్డు తలుపులు మేం వదిలినట్టే బార్లా తీసి ఉన్నాయి. లోపల, చేప ఉండేచోట మూడు మిషన్లు, ఏనుగు ఉండేచోట మూడు మిషన్లు. మధ్యలో నడుమెత్తు బల్ల, మడతబల్ల కాదు, నిజం బల్ల, దానిమీద తెల్ల గుడ్డ తాను పరిచి ఉంది. గోడ వెంట కొత్త ప్లగ్గులు, కరెంటు పనివాడు నిచ్చెన మడుస్తున్నాడు. నలుగురు ఆడవాళ్లు తలొంచుకుని కుడుతున్నారు. ఒక పెద్దావిడ, చేతిసంచీ భుజాన వేలాడుతుండగా, డాక్టరు కోటు ఒకటి తిరగేసి కుట్టు లాగి చూస్తోంది. ఆసుపత్రి స్టోర్సు ఆవిడ. పైకప్పు చూసింది, నేల చూసింది, ఫైలు తెరిచి బల్ల మీద పెట్టి సంతకం చేసింది. చాలా బావుంది, ఇంత విశాలమైన చోటు ఉంటుందని అనుకోలేదని అక్కతో అంది.

బావ చేపలోంచి తనంతట తనే దిగాడు. అట్ట గుండెలకి హత్తుకుని షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచి ఉండటం నేను మొదటిసారి చూశాను. కోపమేమోననుకున్నాను. కాదు, దారి తప్పిన మనిషిలా ఉన్నాడు. మూడు నెలలు ఆయన్ని చూసి నవ్వుకున్నవాణ్ణి, ఆ క్షణంలో నవ్వు రాలేదు.

అక్క కత్తెర పక్కన పెట్టి వచ్చింది. "ఫలితం వచ్చిందా అండీ?"

బావ ఫారం చూపించాడు. "సమానం" అన్నాడు. "చెరి డెబ్బై ఒకటిన్నర."

అక్క మార్కులన్నీ చదివింది. సంతకాలు చూసింది, నాది కూడా. "అయితే రెండిటికీ ఒకటే న్యాయం" అంది. "రెండూ బయటే ఉంటాయి."

బావ కార్లవైపు చూశాడు. వీధిలో ఎండలో తాడుతో కట్టేసిన ఏనుగు, దాని వెనక చేప. "ఆగు," అన్నాడు, "ఆగు. చేపకి ఘాటీ దగ్గర... ఒక అర మార్కు తేడా వచ్చినట్టు గుర్తు. ఇప్పుడే వేస్తాను. ఒకదాన్ని మెకానిక్కు రేపే తీసుకుపోతాడు. రెండోదానికి ఏదో ఒక మూల..." ఎర్ర పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.

అక్క గొంతు పెంచలేదు. ఫారం మడిచి ఆయన చేతిలో పెట్టింది. "ఆ అర మార్కు మూడు నెలల కిందట వేసుంటే నేను సగం షెడ్డుతో సరిపెట్టుకునేదాన్నండీ."

వెనకనుంచి ఒకావిడ తెల్ల గుడ్డ తాను భుజాన మోసుకొచ్చి, కాస్త జరగండి అంది. బావ జరిగి దారిచ్చాడు.